నిమ్‌పురా నుంచి సముద్రం ఎంత దూరం?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఇల్లు అనే మాటకు రెండర్థాలున్నాయి. కొలువు ఉన్నంత కాలం తలదాచుకొనే క్వార్టరు ఒకటి. కొలువు ముగిసేనాటికి ఎక్కడో ఒకచోట సంపాదించుకోవలసిన సొంత గూడు రెండవది. నిమ్‌పురా యార్డు చుట్టూ విస్తరించిన రైల్వే బస్తీలలో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ రెండర్థాల మధ్యనే తరాలు గడిపాయి. 1920ల చివర వి.వి. గిరి వెనుక సమ్మెకు నిలిచిన కార్మికుల మనుమలు ఇప్పుడు ఒకరి తరువాత ఒకరుగా పదవీ విరమణ చేస్తున్నారు.

విరమణ చేసిన కొద్ది నెలలకు క్వార్టరు ఖాళీ చేయాలి. ఆలోగా గ్రాట్యుటీ, భవిష్యనిధి చేతికి వస్తాయి. కేంద్ర ఉద్యోగుల గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 2024 జనవరి 1 నుంచి 25 లక్షల రూపాయలు. 2004 తరువాత కొలువులో చేరినవారికి పాత పింఛను లేదు. జాతీయ పింఛను పథకంలో పోగైన మొత్తంలో 60 శాతం వరకు వారు ఒకేసారి తీసుకోవచ్చు. ఏ లెక్కన చూసినా అది ఒక జీవితానికి ఒక్కసారే చేతికందే డబ్బు. ఆ డబ్బు కోసం కాచుకొని ఉండేవారిలో సముద్రపు ఒడ్డున ప్లాట్లు వేసి అమ్మే వ్యాపారులది ముందు వరుస.

నిమ్‌పురా వాసికి కనిపించే తీరాలు రెండు. దక్షిణాన కొద్ది గంటల ప్రయాణంలో దీఘా, మందార్మణి. రైలు మార్గంలో సుమారు 760 కిలోమీటర్ల దూరంలో విశాఖ, దానిని దాటకముందే భోగాపురం, భీమిలి. ఒకటి దగ్గర, మరొకటి సొంత మాట వినిపించే చోటు. రెండు చోట్లా ఉన్నది బంగాళాఖాతమే అయినా ఆ సముద్రం రెండు చోట్లా ఒకే విధంగా ప్రవర్తించదు. కొనుగోలుదారు మొదట తెలుసుకోవలసిన ఈ సంగతి ప్లాట్ల కరపత్రాలలో ఉండదు. రాజకీయ ప్రసంగాలలో అసలే ఉండదు.

ప్రసంగాల ప్రస్తావన అప్రస్తుతం కాదు. తీరంలో భూమి ధర రాజకీయ ప్రకటనలను అనుసరించి కదులుతుంది. దీఘాలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నిర్మించిన జగన్నాథాలయం 2025 ఏప్రిల్ 30న అక్షయ తృతీయ నాడు ప్రారంభమైంది. దానిని ధామమని పిలవవచ్చునా అని ఒడిశా, బెంగాల్ వాదించుకుంటూ ఉండగానే చుట్టుపక్కల భూమికి గిరాకీ పెరిగింది. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు, 2023 మేలో జగన్మోహన్ రెడ్డి విడివిడిగా శంకుస్థాపనలు చేశారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట, 2025 అక్టోబరులో గూగుల్ డేటా కేంద్రం మాట విశాఖ తీరాన్ని వార్తల్లో నిలబెట్టాయి. పార్టీలు మారినా దళారి చేతిలోని పటం మారదు. ప్రతి ప్రకటన తరువాత దాని మీద ధర మాత్రం మారుతుంది. ఆలయం, విమానాశ్రయం, రాజధాని ఏవీ అబద్ధాలు కావు. కాని వాటిలో ఏ ఒక్కటీ ఒక ప్లాటు సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఉన్నదో చెప్పదు.

దీఘా సంగతి చూడండి. ఉత్తర బంగాళాఖాతం లోతు తక్కువ. ఒడ్డు నుంచి చాలా దూరం వరకు సముద్రపు అడుగు పళ్లెంలా ఉంటుంది. తుఫాను తోసుకువచ్చే నీటికి దిగిపోయేందుకు చోటు ఉండదు కనుక అది పైకి లేచి ఒడ్డెక్కుతుంది. పోటుపాట్ల మధ్య తేడా కూడా అక్కడ ఎక్కువ. 1942 అక్టోబరు 16న మేదినీపూర్ తీరాన్ని, ముఖ్యంగా కాంథీ ప్రాంతాన్ని ముంచిన ఉప్పెన వేల ప్రాణాలు తీసింది. 2021 మే 26న యాస్ తుఫాను తీరం దాటింది దీఘాలో కాదు, ఒడిశాలోని బాలేశ్వర్‌కు దక్షిణాన. అయినా దీఘా, శంకర్‌పూర్, మందార్మణి నీట మునిగాయి. ఎందుకంటే మన అర్ధగోళంలో తీరం దాటే తుఫానుకు కుడివైపున ఉప్పెన తీవ్రత ఎక్కువ, దీఘా సరిగ్గా కుడివైపున ఉంది. పైగా అది పున్నమి. తుఫాను కన్ను ఎక్కడ తీరం దాటింది అన్నదొక్కటే చూసి “మా ఊరికి ఏమీ కాలేదు” అని చెప్పే అమ్మకందారుకు ఈ కుడివైపు లెక్క తెలియదు, లేదా తెలిసినా చెప్పడు.

విశాఖ దీనికి భిన్నం. అక్కడ సముద్రపు అడుగు ఒడ్డుకు దగ్గరలోనే లోతుగా దిగిపోతుంది. అందువల్ల ఉప్పెన ఎత్తు ఉత్తర తీరమంత ఉండదు. కొండలు, ఎత్తైన నేల కూడా కొంత రక్షణ. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఆ నగరం మీదనే తీరం దాటినప్పుడు గంటకు 180 కిలోమీటర్లు మించిన గాలులు విమానాశ్రయం టెర్మినల్‌ను కూడా విడిచిపెట్టలేదు. విశాఖలో సముద్రం వైపు తెరిచిన పెద్ద అద్దాల కిటికీ అందం కాదు, ప్రమాదం. దీఘాలో ప్రమాదం నేల అంతస్తుది. ఒకే డబ్బుతో రెండు తీరాలను పోల్చి చూసే కుటుంబం ఏ చోట ఏ అంతస్తు, ఏ దిక్కు, ఎంత ఎత్తు అని వేరు వేరుగా అడగవలసి ఉంటుంది.

తుఫాను ఒక రోజు వచ్చిపోయే ఆపద. కోత అలా కాదు, అది ప్రతి వానాకాలం కొంచెం కొంచెంగా వచ్చి ఇక తిరిగి వెళ్ళదు. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి దేశ ప్రధాన భూభాగపు తీరంలో 33.6 శాతం కోతకు గురవుతున్నదని తేల్చింది. పశ్చిమ బెంగాల్‌లో ఇది 60.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 28.7 శాతం. అంటే బెంగాల్ తీరంలో కళ్ళు మూసుకొని వేలు పెట్టినా ఆ చోటు కోతకు గురవుతూ ఉండే అవకాశమే ఎక్కువ. ఇది కొత్త కథ కూడా కాదు. వారన్ హేస్టింగ్స్ కాలంలో తెల్లదొరలు వేసవి విడిదిగా మెచ్చుకొన్న బీర్కుల్ ఇప్పటి దీఘా ప్రాంతంలోనిదే. ఆనాటి తీరాన్ని సముద్రం ఎప్పుడో తనలో కలుపుకొంది. పాత దీఘాలో రాతి గోడ కట్టి నేలను నిలిపారు. గోడ నిలిచింది గాని దాని ముందున్న ఇసుక నిలవలేదు. పోటు వేళ అక్కడ నడవడానికి తీరమే మిగలదు.

తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. దారిలో ఓడరేవు గోడ కట్టితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన కోత మొదలవుతుంది. విశాఖలో వెలుపలి రేవు నిర్మాణం తరువాత రామకృష్ణా బీచికి ఏటేటా తవ్వి తెచ్చిన ఇసుక పోయవలసి రావడానికి కారణం ఇదే. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడలో రేవు నిర్మాణాలతో పాటు హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె ఎదుగుదలను కూడా నిపుణులు కారణంగా చూపుతారు. కారణం ఏదైనా, ఉప్పాడలో ఇళ్ళు, వీధులు, గుడులు సముద్రంలో కలిశాయి. రాళ్ళు పోసినా, ఇసుక నింపిన జియోట్యూబుల గోడ వేసినా కాకినాడ వెళ్ళే తీర రహదారి తుఫాను వచ్చిన ప్రతిసారీ తెగుతూనే ఉంది. నిమ్‌పురా నుంచి విశాఖ వెళ్ళే రైలు గంజాం జిల్లా మీదుగానే పోతుంది. ఆ జిల్లాలోని పొడంపేట తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఊరు. ఆ ఊరి ఇళ్ళను కూడా సముద్రం తీసుకుపోగా జనం లోపలికి తరలవలసి వచ్చింది. ఉత్తరాన కొత్త రేవు రావడం ప్లాటుకు గండం కాకపోవచ్చు గాని, దక్షిణాన వస్తే మాత్రం అది ధర పెంచే వార్తగానే మొదలై నేల తగ్గించే వార్తగా మారవచ్చు.

ఇక్కడికి ప్రకృతి లెక్క ముగిసి ప్రభుత్వం లెక్క మొదలవుతుంది. సీఆర్‌జెడ్ అని అందరికీ తెలిసిన తీరప్రాంత నియంత్రణ మండలం నిబంధనలు తొలిసారి 1991 ఫిబ్రవరి 19న వచ్చాయి. పోటు రేఖ నుంచి 500 మీటర్ల వరకు అదుపు, గ్రామీణ తీరంలో తొలి 200 మీటర్లలో కొత్త నిర్మాణాలకు తావు లేకపోవడం అప్పటి ఆలోచన. ఆ తరువాత నిబంధనలు సవరణలతో సడలుతూ వచ్చాయి. 2011లో కొత్త నోటిఫికేషన్, 2019 జనవరిలో మరొకటి. ఈ చివరిదాని ప్రకారం 2011 జనగణనలో చదరపు కిలోమీటరుకు 2161 మంది కంటే ఎక్కువ జనసాంద్రత ఉన్న గ్రామీణ తీరంలో నిషేధిత పట్టీ 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గింది. జనం ఎక్కువ ఉన్నచోట సముద్రం తక్కువ దూరం వస్తుందన్న సిద్ధాంతం ఏ శాస్త్రంలోనిదో ఆ నోటిఫికేషన్ రాసినవారే చెప్పాలి. ఎక్కువ మంది ఉన్నచోట ఎక్కువ జాగ్రత్త అన్నది మామూలు గృహస్థుకు తోచే న్యాయం.

అంతకన్నా గట్టి విషయం ప్రమాద రేఖది. అలలు, ఉప్పెన, కోత, పెరిగే సముద్రమట్టం అన్నీ లెక్కలోకి తీసుకొని సర్వే ఆఫ్ ఇండియా దేశ తీరమంతటా ఈ రేఖను గీసింది. ఏ ప్లాటు ఏటికి ఎదురీదుతున్నదో చెప్పగలిగిన పటం అదే. 2019 నోటిఫికేషన్ ఆ రేఖను నిర్మాణ నియంత్రణ నుంచి వేరు చేసి విపత్తుల నిర్వహణ ప్రణాళికలకు సాధనంగా మాత్రమే ఉంచింది. ప్రజాధనంతో ప్రమాదాన్ని కొలిచారు. కొలిచిన తరువాత ఆ కొలతతో అనుమతులకు నిమిత్తం లేదన్నారు. పార్లమెంటులో పార్టీలు ఒకదానినొకటి ఎన్నో విషయాలపై నిలదీశాయి. ఈ ఒక్క విడదీతపై మాత్రం పెద్ద రభస జరగలేదు. తీరంలో భూములున్నవారు, అనుమతులిచ్చేవారు అన్ని పార్టీలలోనూ ఉండడం వల్ల ఈ మౌనం అర్థం కానిదేమీ కాదు.

నిబంధన సడలితే కట్టడం భద్రమైపోతుందా? కొచ్చి వద్ద మరడులో కొన్నవారు అలాగే అనుకొన్నారు. 2006లో స్థానిక పంచాయతీ అనుమతి ఇచ్చింది, బ్యాంకులు అప్పులిచ్చాయి, రిజిస్ట్రేషన్లు జరిగాయి, పన్నులు వసూలయ్యాయి. 2019 మే 8న సుప్రీంకోర్టు అవి తీర నిబంధనలకు విరుద్ధమని కూల్చివేతకు ఆదేశించింది. 2020 జనవరి 11, 12 తేదీలలో నాలుగు భవన సముదాయాలు పేలుడు పదార్థాలతో నేలమట్టమయ్యాయి. తాత్కాలిక పరిహారంగా కోర్టు 25 లక్షల రూపాయలు ఇప్పించింది. కట్టినవారు, అనుమతించినవారు, అప్పిచ్చినవారు అందరి సంతకాలూ ఆ ఫైళ్ళలో ఉన్నాయి. మూటాముల్లె సర్దుకొని బయటకు వచ్చినది మాత్రం కొన్నవారే, వారిలో విశ్రాంత ఉద్యోగులూ ఉన్నారు.

నిమ్‌పురాకు దగ్గరి ఉదాహరణ మందార్మణి. నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2022 మేలో ఇచ్చిన ఉత్తర్వు ఆధారంగా తూర్పు మేదినీపూర్ జిల్లా యంత్రాంగం 2024 నవంబరులో 140కి పైగా హోటళ్ళు, రిసార్టులను కూల్చాలని గడువు పెట్టింది. బుల్డోజర్లు నడవవని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ అడ్డుపడ్డారు. ఆ వెంటనే కలకత్తా హైకోర్టు స్టే ఇచ్చింది. బుల్డోజర్ రాజకీయాన్ని వ్యతిరేకించే పార్టీకి ఆ మాట అందంగానే అతుకుతుంది. అక్కడ బతుకుతెరువు వెతుక్కొనే కార్మికుల గోడు కూడా నిజమే. కాని ఆ జోక్యం ఒక్క కట్టడానికీ చట్టబద్ధత ఇవ్వలేదు. ఆగిన కూల్చివేత చేయి మారితే కొన్నవాడి మెడ మీదకు వస్తుంది, అంతే. ఆంధ్రలోనూ భీమిలి తీరంలో ఇసుకలోనే లేచిన కాంక్రీటు గోడలను హైకోర్టు ఆదేశాలతో 2024లో కూల్చవలసి వచ్చింది. రుషికొండ మీది భవనాలపై రెండు పార్టీలు ఏళ్ళ తరబడి వాదించుకొన్నాయి. అధికారంలో ఉన్నవారి కట్టడానికే అంత వివాదం ఉన్న తీరంలో సామాన్యుడి ప్లాటుకు అండ ఎవరు?

సముద్రానికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నాం కదా అనే ధీమా కూడా చెల్లదు. పోటు నీరు ఎక్కే ఏరు, కాలువ, పర్ర గట్ల వెంబడి కూడా తీర నిబంధనలు వర్తిస్తాయి. భీమిలి వద్ద గోస్తని, శంకర్‌పూర్ వైపు పోటు కాలువలు ఇందుకు ఉదాహరణలు. ఉప్పెన కూడా ఈ దారులలోనే లోపలికి వస్తుంది.

కాగితాల సంగతి మరొక చిక్కు. రిజిస్ట్రేషన్ అంటే ప్రభుత్వం హక్కుకు హామీ ఇచ్చిందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. మన చట్టంలో రిజిస్టరు అయ్యేది పత్రం, హక్కు కాదు. ఆంధ్రలో ఆ భూమి 22-ఏ నిషేధిత జాబితాలో ఉన్నదా, పేదలకు ఇచ్చిన అసైన్డు భూమా అన్నది లింకు పత్రాల దాకా వెళ్ళి చూడాలి. 1977 నాటి చట్టం అసైన్డు భూముల బదిలీని నిషేధించింది. బెంగాల్‌లో ఖతియాన్, దాగ్ నంబరు చూడడంతో పని తీరదు. ఆ భూమి మీద నమోదైన బర్గాదారు ఉన్నాడా, ప్రభుత్వానికి దఖలుపడిన భూమా, వ్యవసాయ భూమి నుంచి నివాసానికి స్వభావం మారిందా అన్నవి 1955 భూసంస్కరణల చట్టం కింద తేలాలి. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇస్తూ నిర్ణయం తీసుకొన్నది. ఎన్నికల ముందు వచ్చిన ఆ గౌరవం ఖరగ్‌పూర్ తెలుగువారికి సంతోషకరమే. అయితే భూమి రికార్డు బంగ్లాలోనే ఉంటుంది. బజారులో బంగ్లా ధారాళంగా మాట్లాడే మనిషికి కూడా ఆ దస్తావేజు భాష కొరుకుడు పడదు. న్యాయవాదికి ఇచ్చే ఫీజు దగ్గర పొదుపు చేయదగిన చోటు ఇది కాదు.

స్థిరాస్తి నియంత్రణకు కేంద్రం 2016లో రెరా చట్టం తెచ్చింది. బెంగాల్ దానిని పక్కన పెట్టి 2017లో సొంత చట్టం చేసుకోగా, సుప్రీంకోర్టు 2021 మే 4న దానిని కొట్టివేసింది. ఈ కేంద్ర-రాష్ట్ర పట్టుదలలో నాలుగేళ్ళు గడిచాయి. రెరాలో ఒక మంచి నిబంధన ఉంది. భూమి హక్కులో లోపం వల్ల కొన్నవాడు నష్టపోతే అమ్మిన సంస్థ పరిహారం ఇవ్వాలి, దానికి కాలపరిమితి అడ్డురాదు. కాని సముద్రం నేలను కోసుకుపోవడం హక్కు లోపం కాదు కదా. బీమా వైపు చూసినా అదే గోడ ఎదురవుతుంది. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలు అమ్మే భారత్ గృహ రక్షా పాలసీ తుఫానుకు, వరదకు వర్తిస్తుంది. అయితే నేల కుంగుబాటు గురించి చెప్పే చోట తీరపు కోతను, నదీ కోతను మినహాయించింది. అదీగాక బీమా భవనానికే, నేలకు కాదు. గోడ కూలితే డబ్బు రావచ్చు. గోడ నిలబడ్డ నేల పోతే రాదు. వ్యాపార సంస్థలు ప్రమాదాన్ని ప్రభుత్వాలకన్నా నిజాయితీగా చదువుతాయనడానికి ఆ మినహాయింపు వాక్యం చాలు.

కొనక తప్పదనుకొనే కుటుంబం చూడవలసింది చలికాలపు ఆదివారం మధ్యాహ్నం కాదు. ఆషాఢ శ్రావణాలలో అమావాస్యకో పున్నమికో, పోటు నిండుగా ఉన్న వేళ ఆ చోట నిలబడాలి. ప్లాటు పొడిగా ఉన్నా దానికి వెళ్ళే దారి మునిగిందేమో చూడాలి. ఎండాకాలంలో పక్కింటి బావి నీరు రుచి చూడాలి. సరుగుడు చెట్ల వేళ్ళు ఇసుకలో తేలి ఉంటే కోత అక్కడికి వచ్చినట్టే. ఊరి మత్స్యకారులను వారి చిన్ననాడు పడవలు ఎక్కడ లాగేవారో అడగాలి. ఆ చోటు ఇప్పుడు నీటిలో ఉంటే, ఆ దూరాన్ని గడిచిన సంవత్సరాలతో భాగించి ఇంటి అప్పు కాలంతో హెచ్చవేస్తే ఒక అంకె వస్తుంది. దళారి చెప్పే అంకెలన్నింటికన్నా అది ముఖ్యం.

ఇంత శ్రమ విరమణ పొందిన ఒక గార్డు, ఒక ఫిట్టరు తమంతట తామే పడాలని కోరడం న్యాయం కాదు. ప్రమాద రేఖ పటం ప్రభుత్వం దగ్గరే ఉంది. ప్రతి సర్వే నంబరు, ప్రతి దాగ్ నంబరు కంప్యూటరులోకి ఎక్కాయి. ఒకదానిపై ఒకటి పరిచి, ఈ భూమి రేఖకు ఇటు ఉన్నదో అటు ఉన్నదో ఈసీలో, ఖతియాన్ నకలులో, రెరా దరఖాస్తులో ఒక వరుసలో ముద్రించడానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. దాని వల్ల తీరంలో ధరలు పడిపోతాయని రాష్ట్రాలు జంకుతున్నాయి, స్టాంపు డ్యూటీ తగ్గుతుందని ఖజానా జంకుతోంది. బెంగాల్ శాసనసభలో గాని, ఆంధ్ర శాసనసభలో గాని ఆ ఒక్క వరుసను అడిగిన సభ్యుడి పేరు ఇంతవరకు ఎవరి నోటా వినరాలేదు. ఈలోగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వేలిముద్రలు పడుతూనే ఉంటాయి, డ్యూటీ జమ అవుతూనే ఉంటుంది.